నాగజెముడు డైరీ: గట్టు మీద పండు, సీసాలో రంగు

ఏప్రిల్ 14

మొదటి రోజే చేతులు కాల్చుకున్నట్టయింది. నాలుగు కిలోల పళ్ళు కోశాం, రాత్రి పదింటి దాకా టార్చి లైటు కింద కూర్చుని వేళ్ళలోంచి నూగు పీక్కున్నాం.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు పల్లె. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే. వేరుశనగ ఎండినా, బోరు ఎండినా, చేను గట్టు మీద నాగజెముడు మాత్రం పచ్చగా నిలబడి నవ్వుతుంటుంది. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ ఆ ఎర్ర పళ్ళు తిని, నాలుక చూపించుకుని ఎవరిది ఎక్కువ ఎర్రగా ఉందో పందేలు వేసుకునేవాళ్ళం. ఇప్పుడు కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకునే ఉద్యోగం నాది. ఇంట్లో చిన్నగా పచ్చళ్ళ అమ్మకం ఉంది. ఈ ఎండాకాలం ఆ రంగును సీసాలో పట్టి నిలబెట్టగలనా అని చూడాలి. అది మొదటి పని. రెండోది, తమ్ముడు మేకల కోసం వేసిన ముళ్ళు లేని జెముడును కూరగా వండి చూడడం. పోయిన ఏడు జూలైలో వాడు 40 మట్టలు నాటితే 33 బతికాయి. (పచ్చగా అట్లకాడలా ఉండేదాన్ని మేం మట్ట అంటాం. నిజానికి అది ఆకు కాదు, కాండమే. ఆకులు ముళ్ళయిపోయాయి.)

ఈ చెట్టు మనది కాదు. అమెరికా ఖండాల నుంచి వచ్చింది. గట్టు మీది అడవి రకం ఒపన్షియా డిల్లెనై. తమ్ముడు నాటింది ఒపన్షియా ఫైకస్-ఇండికా, మెక్సికోలో కూరగాయగా తినేది. పేరులో ఇండియా ఉంది కానీ ఊరు మెక్సికో. ఆ దేశపు జెండా మీద గద్ద కూర్చున్నది కూడా ఈ జెముడు మీదే.

పెద్ద ముళ్ళతో బాధ లేదు, అవి కనిపిస్తాయి. పండు చర్మం మీద మచ్చలు మచ్చలుగా ఉండే నూగే అసలు శత్రువు. ప్రతి వెంట్రుకకూ గాలం లాంటి వెనకముల్లు ఉంటుంది, అందుకే దిగడం తేలిక, రావడం కష్టం. రబ్బరు గ్లౌజులు వేసుకున్నా లాభం లేదు, గుచ్చుకుని లోపలికి వచ్చాయి.

ఏప్రిల్ 16

నూగు తీయడానికి మూడు పద్ధతులు చూశాను. ఇసుకలో పోసి పొరకతో దొర్లించాం. సగమే పోయింది, పైగా గాలికి నూగు లేచి తమ్ముడి మెడ మీద పడింది. తర్వాత నీళ్ళలో వేసి బట్టల బ్రష్‌తో రుద్దాను. బాగానే పోయింది కానీ కిలోకు అరగంట. ఆ నీళ్ళు పారబోసిన చోట చెప్పుల్లేకుండా నడవకూడదన్న సంగతి తర్వాత తెలిసింది.

మూడోది అవ్వ చెప్పింది. "వంకాయ కాల్చినట్టు కాల్చు, అంతేకదా. దీనికి ఇంత సదువు ఎందుకే?" పటకారుతో పట్టుకుని పొయ్యి మంట మీద తిప్పాను. చిటపటమని నూగంతా మెరిసి మాడిపోయింది. పండుకు పది సెకన్లు చాలు, లోపల వేడెక్కదు. గొర్రెల కాపరి తాత కూడా అదే మాట అన్నాడు. కరువు ఏళ్ళలో మట్టలను మంట మీద కాల్చి, ముక్కలు కొట్టి జీవాలకు వేసేవాళ్ళట.

ఇక నుంచి కాల్చడమే. కళ్ళద్దాలు మాత్రం తప్పనిసరి. నూగు కంటిలో పడితే అది నవ్వులాట కాదు.

ఏప్రిల్ 20

ఈ రోజు పెద్ద గండం తప్పింది. పళ్ళు, మట్టలు తెస్తానని పక్క ఊరి పిల్లాడు ఒకడు గోనెసంచి నిండా తెచ్చి పడేశాడు. అందులో సగం నాగజెముడు. మిగతాది కోస్తే తెల్లటి పాలు కారాయి. వెంటనే పక్కన పెట్టించి, చేతులు సబ్బుతో కడిగించాను.

మన వాడుకలో అన్నిటికీ జెముడు అనే పేరే. కాకిజెముడు, ఆకుజెముడు లాంటివి యూఫోర్బియా జాతివి, కాక్టస్‌కు చుట్టాలే కావు. ఎండను తట్టుకునే వేషం ఒకటే, రక్తం వేరు. వాటి పాలు ఒంటికి తగిలితే బొబ్బలు, కంట్లో పడితే చూపుకే ముప్పు, కడుపులోకి పోతే వాంతులు. నాగజెముడు కోస్తే పాలు రావు, బెండకాయ జిగురులాంటి బంక వస్తుంది. ఈ ఒక్క తేడా తెలియకుండా ఎవరూ జెముడు వంట మొదలుపెట్టకూడదు. పాలు కారితే పారేయండి, మారు మాట లేదు.

ఏప్రిల్ 27

మొదటి రసం. కాల్చి, కడిగి, నిలువునా కోశాను. పండు తలకాయ దగ్గర, పువ్వు రాలిన గుంట కింద, గట్టి బిళ్ళలా ఉంటుంది. చిన్నప్పుడు దాన్ని తీయకుండా తింటే అవ్వ వీపు విమానం మోత మోగించేది. అది కూడా చెంచాతో తీసేశాను. గుజ్జు చూస్తే కళ్ళు తిప్పుకోలేం. బీట్‌రూట్ ఎరుపు కాదు, కుంకుమ కాదు, పెళ్ళిపట్టు చీర అంచులో వచ్చే ముదురు రాణి రంగు.

గుజ్జులో సగం గింజలే. మిక్సీలో వేస్తే గింజ పగిలి వగరు వస్తుందని చేత్తో పిసికి, పల్చటి గుడ్డలో వడకట్టాను. బంక వల్ల గుడ్డ మూసుకుపోయి చుక్క చుక్కగా దిగింది. నాలుగు కిలోల పళ్ళకు లీటరున్నర కూడా రాలేదు. బంకతో కుస్తీ పట్టకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే పొద్దున్నకు చిక్కటిది కిందికి దిగి, పైన తేటగా దొరికింది.

పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.4. ఇది మాకు అదృష్టం. తమ్ముడి రకం, అంటే ఫైకస్-ఇండికా, పండు తియ్యన కానీ పులుపు బహు తక్కువ. దాని రసం పీహెచ్ మామూలుగా 5 దాటి, ఒక్కోసారి 6 పైన కూడా ఉంటుంది. 4.6 దాటిన రసాన్ని సీసాలో మూసి బయట నిలవ పెడితే ప్రాణం తీసే విషం పుట్టించే బొటులిజం క్రిమికి చోటిచ్చినట్టే. అందుకే ఆ పండుతో రసాలు చేసేవాళ్ళు నిమ్మ ఉప్పు కలిపి పీహెచ్ దించుతారు. మా గట్టు మీది పండు పుట్టుకతోనే పుల్లన.

మే 2

గుండె జారిపోయింది. పచ్చళ్ళ అలవాటు కొద్దీ రసాన్ని ఇరవై నిమిషాలు మరిగించాను. రాణి రంగు కళ్ళ ముందే ఇటుక రంగైంది, తర్వాత టీ డికాక్షన్. రుచి కూడా ఉడికిన గుమ్మడికాయలా మారింది. లీటరు రసం, రెండు రోజుల కష్టం, గోవిందా.

మే 5

కారణం తెలియాలి కదా. ఈ ఎరుపు దానిమ్మలోనో నేరేడులోనో ఉండే ఆంథోసయనిన్ కాదు. బీట్‌రూట్‌లో ఉండే బీటాలెయిన్ల జాతి. అందులో ఎర్రవి, పసుపువి రెండూ ఉంటాయి. పీహెచ్ 3 నుంచి 7 దాకా రంగు పెద్దగా మారదు, అది దాని గొప్ప. వేడి, వెలుతురు, గాలి తగిలితే విరిగిపోతుంది, అది దాని బలహీనత. ఆ రోజు నేను మూడూ తగిలించాను, మూత లేని గిన్నెలో, కిటికీ పక్కన, మరిగిస్తూ.

నిన్న మూడు గ్లాసులు పెట్టాను. ఒకటి పచ్చి రసం. రెండోది 75 డిగ్రీలకు తెచ్చి రెండు నిమిషాలు ఉంచి, గిన్నెను వెంటనే ఐసు నీళ్ళలో పెట్టింది. మూడోది పది నిమిషాలు మరిగించింది. మొదటిదానికీ రెండోదానికీ తేడా కనిపెట్టమంటే తమ్ముడు తప్పు చెప్పాడు. మూడోది ఎవరైనా చెప్పగలరు.

ఈ రోజు తెల్లారి చూస్తే వింత. ఫ్రిజ్‌లో పెట్టిన మూడో గ్లాసు కొంచెం ఎర్రబడింది. ఏదో కల్తీ జరిగిందనుకున్నాను. కాదు. వేడికి రెండు ముక్కలుగా విడిపోయిన బీటానిన్ (బీటాలెయిన్లలో ఎర్రది), చల్లబడ్డాక కొంత మేరకు తిరిగి అతుక్కుంటుంది. మొగుడూ పెళ్ళాల గొడవలాగా ఉంది అంది అవ్వ. అంతా తిరిగి రాదు కానీ, రాత్రికి పాడైందని పారేయకుండా ఒక రోజు ఆగి చూడొచ్చు.

మే 11

స్క్వాష్ (నీళ్ళు కలుపుకుని తాగే చిక్కటి తీపి రసం) లెక్క ఖాయం చేశాను. మన ఆహార నిబంధనల ప్రకారం స్క్వాష్ అనాలంటే పండ్ల రసం కనీసం 25 శాతం, కరిగిన పదార్థం కనీసం 40 శాతం ఉండాలి. నాది కిలో రసం, 1.1 కిలోల చక్కెర, 400 గ్రాముల నీళ్ళు. రసం వాటా 40 శాతం. కరిగిన పదార్థం కొలిచే రిఫ్రాక్టోమీటరులో 47 వచ్చింది.

క్రమమే ముఖ్యం. నీళ్ళు, చక్కెర, చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి పాకాన్ని విడిగా మరిగించాలి. అది పూర్తిగా చల్లారాకే 75 డిగ్రీలు చూపించిన రసాన్ని కలపాలి. పాకం ఎంత మరిగినా ఎవరికీ నష్టం లేదు, నష్టపోయేది రంగే కాబట్టి దాన్ని చివర్లో తీసుకురావాలి. నిమ్మరసం పిండితే విటమిన్ సి రంగుకు కాపలా కాస్తుంది. నిలవకు రంగున్న రసాల్లో కేఎంఎస్ (పొటాషియం మెటాబైసల్ఫైటు) వాడరు, రంగును తెల్లబరుస్తుంది. సోడియం బెంజోయేటు వాడతారు. ఈ విడతకు నేను ఏదీ వేయలేదు, ఫ్రిజ్‌లోనే ఉంచుతాను.

ఏడు సీసాలు. ఒకటి గోధుమ రంగు సీసా, మిగతావి తెల్లవి. ఒక తెల్ల సీసాను కావాలనే కిటికీలో పెట్టాను.

మే 12

పొద్దున్నే తమ్ముడు వణుకుతూ వచ్చాడు. "అక్కా, నాకేమో అయింది. బాత్రూములో ఎర్రగా వస్తాంది." రాత్రి మూడు గ్లాసులు తాగాడు మరి. బీట్‌రూట్ తిన్నాక కొందరికి అయ్యేదే ఇది, రంగు అలాగే బయటికి పోతుంది, భయం లేదు. అది చెప్పేలోపు వాడు అవ్వకు చెప్పేశాడు, అవ్వ వీధికి చెప్పేసింది. నా స్క్వాష్‌కు మొదటి ప్రచారం ఇలా జరిగింది. లేబులు మీద ఈ మాట రాయాలి.

జూన్ 3

ముళ్ళు లేని జెముడు కొత్త మట్టలు వేసింది. అరచేయంత, లేత పచ్చ. మెక్సికోలో నోపాల్ అని వండేది ఈ వయసువే. అక్కడ ఇది మన బెండకాయలాగా రోజువారీ కూర. ముక్కలు కోసి గుడ్లతో వేయిస్తారు, సలాడ్ చేస్తారు, ఉప్పు నీళ్ళలో ఊరేసి సీసాల్లో అమ్ముతారు, పొద్దున్నే నారింజ రసంతో కలిపి తాగుతారు. మెక్సికో నగరం అంచున ఉన్న మిల్పా ఆల్టాలో ఎటు చూసినా జెముడు చేలేనట. ముళ్ళు లేవన్న మాటే గానీ మచ్చల దగ్గర కొంచెం నూగు ఇక్కడా ఉంటుంది. కత్తిని పడుకోబెట్టి గీకాలి.

జూన్ 8

చదివినప్పుడు నమ్మలేదు, అందుకే చేసి చూశాను. ఒకే మొక్క నుంచి, దాదాపు ఒకే సైజు మట్టలు రెండు. ఒకటి పొద్దున 6 గంటలకు, ఒకటి సాయంత్రం 4 గంటలకు. రుబ్బి పీహెచ్ చూస్తే పొద్దుటిది 4.4, సాయంత్రంది 5.2. మీటరు అక్కర్లేదు, నాలుకే చెబుతుంది. పొద్దుటిది చుక్కకూర, సాయంత్రంది సొరకాయ.

మామూలు చెట్లు పగలు ఆకుల రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి. మా ఎండలో అలా తెరిస్తే ఒంట్లో నీళ్ళన్నీ ఆవిరే. అందుకని జెముడు రాత్రి తలుపులు తీస్తుంది. లోపలికి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. తెల్లారాక తలుపులు మూసుకుని, దాచుకున్నదానితో పగలంతా వంట చేసుకుంటుంది. తెల్లవారుజామున దాపుడు నిండుగా ఉంటుంది కాబట్టి పులుపు, సాయంత్రానికి ఖాళీ. అంటే కూర రుచి గడియారాన్ని బట్టి మారుతుంది. పప్పులోకి పొద్దున కోయాలి, వేపుడుకు సాయంత్రం. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన రోజు ఇదే.

జూన్ 15

వంట. మొదటిసారి కుక్కర్లో వేసి చెడగొట్టాను. మూత తీస్తే గరిటెకు తాళ్ళు తాళ్ళుగా లేచింది, తమ్ముడు లేచి వెళ్ళిపోయాడు. రెండోసారి బెండకాయ న్యాయం పాటించాను. ముక్కలు కోసి, నూనె లేకుండా ఇనుప బాణలిలో మూత పెట్టకుండా వేయించాను. బంక ముందు పొంగుతుంది, భయపడకూడదు. పది నిమిషాలకు ఆవిరై ముక్క ముదురాకు రంగుకు వచ్చి విడివిడిగా రాలుతుంది. అప్పుడు నూనె, ఎండుమిర్చి, వెల్లుల్లి, చివర్లో వేరుశనగ పొడి. రాగిసంగటిలోకి బ్రహ్మాండం. పప్పులో వేస్తే చింతపండు అక్కర్లేదు. అవ్వ తీర్పు, "చుక్కకూరకూ బెండకాయకూ పెండ్లి చేసినట్టుండాది. తినొచ్చు."

చుక్కకూరతో పోలిక రుచి వరకే కాదు. రెండింట్లోనూ ఆక్సలేట్ (కాల్షియంతో కలిసి రాయి కట్టే పదార్థం) ఎక్కువ. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు రోజూ తినే కూర కాదు ఇది.

జూన్ 23

పోయిన వారం ఇంట్లో పెద్ద గొడవ. వీధి చివరి పిన్నమ్మ స్క్వాష్ సీసా తిప్పి చూస్తూ, "దీనిమీద షుగర్‌కు మంచిదని రాయి, రెండొందలకు కొంటారు" అంది. తమ్ముడు వెంటనే సరే అన్నాడు. లేబులు డిజైన్ కూడా చేసేశాడు.

సగం చక్కెరతో నింపిన సీసా మీద షుగర్ మందు అని రాయడానికి చెయ్యి ఎలా వస్తుంది? జబ్బు తగ్గిస్తుందని ఆహారం లేబులు మీద రాయడం చట్ట ప్రకారం కూడా తప్పే.

ఆ మాట గాల్లోంచి పుట్టింది కాదు. మెక్సికోలో షుగర్ ఉన్నవాళ్ళ మీద చిన్న చిన్న పరీక్షలు జరిగాయి. టిఫినుతో పాటు ఉడికించిన నోపాల్ తింటే, తిన్న తర్వాత రక్తంలో చక్కెర పెరుగుదల తగ్గింది. బంక, పీచు కలిసి కడుపులో జిగురులా చేరి చక్కెర ఒంటబట్టే వేగాన్ని తగ్గిస్తాయి. గమనించాల్సింది ఏమిటంటే, అది మట్ట, పండు సిరప్ కాదు. వండి భోజనంతో తిన్నది, గుళిక కాదు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు దీన్ని పెద్ద మోతాదులో మొదలుపెడితే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది, డాక్టరుకు చెప్పకుండా చేయకూడదు.

పోషకాల లెక్క చూస్తే, 100 గ్రాముల పచ్చి నోపాల్‌లో 16 క్యాలరీలు, 2.2 గ్రాముల పీచు, 164 మిల్లీగ్రాముల కాల్షియం. అదే బరువు పండులో 41 క్యాలరీలు, 3.6 గ్రాముల పీచు, 14 మిల్లీగ్రాముల విటమిన్ సి, 85 మిల్లీగ్రాముల మెగ్నీషియం. మంచి కూర, మంచి పండు. సంజీవని కాదు. ఆ 164 కాల్షియం చూసి ఎగిరిపడక్కర్లేదు, ఆక్సలేట్ దాన్ని చాలావరకు పట్టుకుని బయటికి తీసుకుపోతుంది.

ఊరికే వాదించడం ఎందుకని నా వేలే పొడుచుకున్నాను. నాకు షుగర్ లేదు. నాలుగు ఇడ్లీలు తిన్న గంటకు 148. రెండ్రోజుల తర్వాత నాలుగు ఇడ్లీలు, కప్పు జెముడు వేపుడు, గంటకు 131. తమ్ముడు చప్పట్లు కొట్టాడు. మూడోసారి మళ్ళీ అదే వేపుడుతో, 144. చప్పట్లు ఆగిపోయాయి. ఒక్క మనిషి, మూడు చుక్కల రక్తం, దీంతో ఏదీ తేలదు. లేబులు మీద "నాగజెముడు స్క్వాష్, చక్కెర కలిపినది" అనే ఉంటుంది. ఆహార భద్రత బేసిక్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టాను.

జూలై 6

గింజలు. వడకట్టగా మిగిలినవి కడిగి ఎండబెడితే ముప్పావు కిలో వచ్చాయి. మొరాకో, ట్యునీషియాల్లో ఈ గింజల నూనె తీసి ముఖానికి రాసుకునే ఖరీదైన నూనెగా అమ్ముతారు. గానుగ ఆయన దగ్గరికి తీసుకెళ్తే గింజ కొరికి చూసి, "ఏమ్మా, నా రోలు పగలగొట్టాలని వచ్చినావా?" అన్నాడు. రాయిలాంటి గింజ, బరువులో నూనె పదో వంతు కూడా ఉండదు. ముప్పావు కిలోకు ఆయన గానుగ తడవదు కూడా. ఇంటి స్థాయిలో ఇది అయ్యే పని కాదు, ఇక్కడితో ఆపేశాను.

అన్నట్టు పండు తినేటప్పుడు గింజలు మింగడం కూడా హద్దులో ఉండాలి. గిన్నెల కొద్దీ తింటే అవి పేగు చివర గట్టి ముద్ద కట్టి మలం ఆగిపోయిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. చిన్నపిల్లల విషయంలో మరీ జాగ్రత్త.

తొక్కలు, ముదురు మట్టలు మేకలకు పోయాయి. వాటిలో నూటికి తొంభై పాళ్ళు నీళ్ళే, మాంసకృత్తులు తక్కువ. ఒట్టి జెముడే వేస్తే పారుకుంటాయి. వేరుశనగ కట్టెతో కలిపి వేస్తేనే మేత. ఎండాకాలం నీళ్ళ తొట్టి దగ్గర మేకల రద్దీ తగ్గడం మాత్రం కళ్ళారా చూశాం.

జూలై 13

ఇంకో 20 మట్టలు నాటాం. పోయిన ఏడు చచ్చిన ఏడింటి తప్పు ఏమిటో ఇప్పుడు తెలుసు. కోసిన వెంటనే నాటాం, పుండు మానకముందే తడి తగిలి కుళ్ళాయి. ఈసారి కణుపు దగ్గర కోసి, పదిహేను రోజులు నీడలో పడేసి, కోసిన చోట పొక్కు కట్టాకే సగం మట్టిలోకి దించాం. నీళ్ళు పోయలేదు. నీళ్ళు పోయకుండా నాటడం రైతు చేతికి ఎంత కష్టమో తమ్ముణ్ణి చూస్తే తెలిసింది, రెండుసార్లు చెంబు లాక్కోవాల్సి వచ్చింది.

ఆగస్టు 10

మూడు నెలల లెక్క. ఫ్రిజ్‌లో గోధుమ రంగు సీసా, మూత తీస్తే దాదాపు మొదటి రోజు రంగే. ఫ్రిజ్‌లో తెల్ల సీసాలు కొంచెం తగ్గాయి. కిటికీలో పెట్టింది పసుపు నీళ్ళు. రంగు ఎండకే పుట్టి ఎండకే చస్తుందేమిటో.

బయటి దేశాల్లో దీన్ని పొడి చేసి పెరుగు, ఐస్‌క్రీములు, గమ్ములకు రంగుగా వాడాలని చూస్తున్నారు. బీట్‌రూట్ రంగుకు మట్టి వాసన ఉంటుంది, దీనికి ఉండదు, అదొక్కటే పెద్ద లాభం. నేను మజ్జిగలో రెండు చెంచాలు, రవ్వకేసరిలో దించాక ఒక చెంచా వేసి చూశాను. మజ్జిగ అమోఘం. కేసరి వేడికి పాలిపోయింది.

డ్రాగన్ ఫ్రూట్ కూడా ఈ కుటుంబమే, ఎర్ర గుజ్జు రకంలో ఇదే జాతి రంగు. మన రెండు రాష్ట్రాల్లోనూ తోటలున్నాయి, నూగు బాధ లేదు. మరి గట్టు మీది పండుతో ఎందుకీ తంటా అని తమ్ముడు అడిగాడు. రంగు చిక్కదనంలో మాది రెండింతలు అనిపించింది, అదీ కొన్నది కాదు, దొరికింది. ఇంతకంటే గట్టి జవాబు నా దగ్గర లేదు.

సెప్టెంబర్ 21

మూడు వారాలుగా వాన లేదు. కొత్త మట్టల మీద తెల్లగా దూది అంటించినట్టు కనిపించింది. బూజు అనుకుని వేలితో రుద్దాను. వేలు రక్తం.

రక్తం కాదు, కొచినీల్ పురుగు. దూది కింద దాక్కుని రసం పీలుస్తుంది. దీని కథ చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఈ పురుగుల్లో ఒక జాతి నుంచి తీసే కార్మైన్ ఎరుపు మీద స్పెయిన్‌కు మెక్సికోలో గుత్తాధిపత్యం ఉండేది. ఆ డబ్బు మీద కన్నేసి ఈస్టిండియా కంపెనీ ఇక్కడ జెముడు తోటలు పెట్టించింది. 1780ల చివర మద్రాసు సైదాపేటలో డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ అలాంటి తోటే వేశాడు. 1795లో కెప్టెన్ నీల్సన్ బ్రెజిల్ నుంచి కలకత్తాకు పురుగు తెచ్చాడు. తీరా అది అసలుది కాదు, రంగు అంతంత మాత్రం ఇచ్చే చుట్టం. రంగు రాలేదు కానీ ఒక రకం జెముడును మాత్రం తిని ఖాళీ చేసింది. ఒక మొక్కను పురుగుతో అణచవచ్చని ప్రపంచానికి అలా తెలిసింది. గట్టు మీది డిల్లెనైని అది ముట్టలేదు. అందుకని 1926లో సింహళం నుంచి ఇంకో పురుగును, డాక్టిలోపియస్ ఒపన్షియేను, దక్షిణ భారతంలో వదిలారు. ఈశాన్య బ్రెజిల్‌లో మేత జెముడు చేలను మట్టుబెట్టింది కూడా ఇదే. మా చేలో ఉన్నది అదే అయి ఉంటుంది, మొదటిది ఈ రకం జోలికి రాదు.

అవ్వను అడిగాను. "మా అమ్మ చెప్పేది. ఊరి సుట్టూ జెముడే, దొడ్డికి పోను దావ లేదంట. తెల్ల పురుగు పడి అంతా కరిగిపోయిందంట. దొరలు మంత్రం ఏసినారని అనుకున్నారు."

సెప్టెంబర్ 22

పురుగులు గీరి చెంచాడు పోగు చేశాను. నీళ్ళలో మరిగించాను. పది నిమిషాలు, ఇరవై, ముప్పై. రంగు కదల్లేదు. నిమ్మరసం చుక్క వేస్తే నారింజ వైపు తిరిగింది, వంటసోడా వేస్తే ఊదా. కిటికీలో పెట్టాను, చూడాలి. ఐదు నెలలుగా నేను ఏ వేడికి భయపడి ఐసు పట్టుకుని పరుగెత్తానో, ఆ వేడికి ఇది చలించలేదు. అందుకే కార్మైన్ ఇప్పటికీ పెరుగుల్లో, మిఠాయిల్లో, లిప్‌స్టిక్కుల్లో ఉంది. పెరూ దానికి పెద్ద సరఫరాదారు. ఒక పౌండు (దాదాపు అర కిలో) ఎండు పురుగులు కావాలంటే 70,000 పట్టాలంటారు.

"అక్కా, స్క్వాష్ మానేసి ఇదే అమ్ముదాం" అన్నాడు తమ్ముడు. శాకాహారులకు చెప్పి అమ్ముతావా చెప్పకుండానా అని అడిగితే నోరు మూసుకున్నాడు. అవ్వకు విషయం తెలిసింది. ఆ గిన్నె ఇక వంటింట్లోకి రాదు.

సెప్టెంబర్ 28

పాతవి 33, కొత్తవి 20. పురుగు పట్టినవి 11. బాగా పట్టిన రెండింటిని పీకి గుంటలో పూడ్చాం. మిగతా తొమ్మిదింటికి ముందు గట్టిగా నీళ్ళ పైపు, తర్వాత సబ్బు నీళ్ళు, పాత టూత్‌బ్రష్. సబ్బు లేకుండా నీళ్ళు ఒట్టిగా పోస్తే ఆ దూది మీద నుంచి జారిపోతాయి. గట్టు మీది నాగజెముడు పొదల్లోనూ పురుగు ఉంది, అక్కడి నుంచే గాలికి వచ్చి ఉంటుంది. ఆ పొదల్లోనే అక్షింతల పురుగులు కూడా కనిపించాయి, ఇవి దాన్ని తింటాయి. ఒక అగ్గిపెట్టెలో ఏడింటిని పట్టి తెచ్చి మూడో వరుసలో వదిలాను. ఆ వరుసకు సబ్బు కొట్టొద్దని తమ్ముడికి చెప్పాను. కిటికీలోని ఊదా సీసా రంగు ఇంకా అలాగే ఉంది.